డబ్బా మీద బొమ్మ: హెచ్చరిక లేబుల్ ఎలా పుట్టింది?

మొన్నటి ఎపిసోడ్‌లో టైమ్ అయిపోయి సగంలో ఆపేసిన విషయం ఇది. "మిగతాది రాసి పెట్టన్నా, డ్యూటీ అయ్యాక చదువుకుంటాం" అని చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. ఎపిసోడ్‌లో చెప్పడానికి నోరు రాని ముక్క ఒకటి కూడా ఉంది. అదీ ఇక్కడే రాస్తున్నా.

మొదలైంది వీడియో కాల్‌తో. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. యలమంచిలిలో వాళ్ళ అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకుంటోంది. ఖాళీ టైమ్‌లో రెసిన్‌తో కీచైన్లు, పేర్ల బిళ్ళలు చేసి ఇన్‌స్టాలో అమ్ముతోంది. ఓ శుక్రవారం నేను కాల్ చేసేసరికి మంచం మీద కూచుని రెండు సీసాల్లోది ప్లాస్టిక్ గ్లాసులో పోసి పుల్లతో కలుపుతోంది. ఒక సీసా మీద మార్కర్‌తో "ఎ", ఇంకోదాని మీద "బి". అంతే. చేతికి గ్లౌజు లేదు, కిటికీ మూసుంది, పక్కన టీ గ్లాసు.

"ఎంతకెంత కలుపుతున్నావమ్మా?"

"రెండుకి ఒకటి నాన్నా."

ఆ మాట వినగానే నాకు విషయం అర్థమైంది. మేము గోడౌన్ ఫ్లోర్‌కి కొట్టే ఎపాక్సీ కూడా రెండు డబ్బాల సరుకే. ఒకటి రెసిన్, ఒకటి హార్డ్‌నర్. మా సైట్‌లో ఆ డబ్బా మూత తీయాలంటే గ్లౌజులు, కళ్ళద్దాలు ఉండాలి, టూల్‌బాక్స్ టాక్ జరగాలి, రిజిస్టర్‌లో సంతకం పడాలి. హార్డ్‌నర్ డబ్బా మీద ఎర్ర గీత డైమండ్‌లో చెయ్యి కాలుతున్న బొమ్మ ఉంటుంది. అదే జాతి సరుకు మా అమ్మాయి మంచం మీద, నైట్‌క్రీమ్ సీసాల్లా.

"తల్లీ, అది ఎపాక్సీ. చేతికి తగలనివ్వకు" అన్నాను.

"అబ్బా నాన్నా, మీ సైట్ కెమికల్ కాదు ఇది. క్రాఫ్ట్ రెసిన్."

ఆ "క్రాఫ్ట్" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. సైట్‌లో విషమైంది, బొమ్మల కొట్టులోకి వచ్చేసరికి సరదా సామాను ఎలా అయింది? డబ్బా మీద ఉండాల్సిన బొమ్మ దారిలో ఎక్కడ రాలిపోయింది? అసలు ఆ బొమ్మ డబ్బా మీదకి ఎవరు ఎక్కించారు? నేను ఐటీఐ చదివినవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాదు. కానీ ఆ రోజు నుంచి రెండు నెలలు దీని వెంటే పడ్డా.

కథ పీఓపీతో మొదలవుతుంది. అవును, మన ఫాల్స్ సీలింగ్‌లో వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిసే.

1858 అక్టోబర్. ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ అనే మిల్లుల ఊరు. ఆ రోజుల్లో చక్కెర ఖరీదెక్కువ. మిఠాయిలు చేసేవాళ్ళు అందులో "డాఫ్" అనే తెల్ల పొడి కలిపేవాళ్ళు. ఒక్కోడు ఒక్కోటి కలిపేవాడు గానీ, ఎక్కువగా జిప్సమ్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ లాంటివే. జోసెఫ్ నీల్ అనే మిఠాయివాడు డాఫ్ తెమ్మని తన ఇంట్లో అద్దెకుండే మనిషిని పక్క ఊళ్ళో మందుల కొట్టుకి పంపాడు. కొట్టు యజమాని చార్లెస్ హాడ్జ్‌సన్‌కి ఒంట్లో బాగోక పడుకున్నాడు. కొట్లో ఉన్న కుర్రాడు కొత్త. డాఫ్ ఎక్కడుందని అడిగితే, మూలనున్న పీపాలో ఉంది ఇచ్చెయ్ అన్నాడు యజమాని. కుర్రాడు 12 పౌన్లు, అంటే మన లెక్కలో ఐదున్నర కిలోల దాకా, తూచి ఇచ్చాడు. అది డాఫ్ కాదు, ఆర్సెనిక్. మన భాషలో పాషాణం. రెండూ తెల్ల పొడులే. పీపా మీద సరైన లేబుల్ లేదు.

ఆ పొడితో చేసిన పిప్పర్‌మెంట్ బిళ్ళల్ని శనివారం సంతలో విలియం హార్డేకర్ అనేవాడు అమ్మాడు. సరుకు రంగు తేడాగా ఉందని అతనికి అనుమానం వచ్చింది. కానీ అనుమానానికి బదులు డిస్కౌంట్ అడిగి పుచ్చుకున్నాడు. (సిమెంట్ గడ్డకట్టింది సార్, రేటు తగ్గిస్తా తీస్కోండి అనే సప్లయర్‌ని మీలో ఎంతమంది చూశారో నాకు తెలుసు.) అతనూ తిన్నాడు, అతనికీ ఒళ్ళు చెడింది. రెండొందల మందికి పైగా జబ్బుపడ్డారు. 21 మంది చనిపోయారు. మొదట ఊళ్ళో అందరూ కలరా అనుకున్నారు.

కొట్టువాడి మీద, కుర్రాడి మీద, మిఠాయివాడి మీద కేసు పెట్టారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఒకడు అమ్మాడు, ఒకడు తూచాడు, ఒకడు కలిపాడు. తప్పు ఎవరిది అంటే పీపాది అన్నట్టు తేలింది.

అంతకు ఏడేళ్ళ ముందే, 1851లో, ఇంగ్లండ్‌లో ఆర్సెనిక్ చట్టం ఒకటి ఉంది. చిల్లరగా అమ్మే ఆర్సెనిక్‌లో మసి గానీ నీలిమందు గానీ కలిపి రంగు మార్చాలి, కొన్నవాడి పేరు పుస్తకంలో రాసుకోవాలి. ఆ కాలంలో నీలిమందు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. మన రైతు పండించిన నీలం వాళ్ళ విషానికి లేబుల్ అయిందన్నమాట. చదువు రానివాడికి కూడా రంగు చూస్తే తెలుస్తుందన్న ఆలోచన బాగుంది. కానీ ఒకేసారి ఎక్కువ బరువు కొనేవాళ్ళకి ఆ రంగు షరతు వర్తించేది కాదు.

బ్రాడ్‌ఫర్డ్ చావుల తర్వాత గొడవ పెద్దదై, చివరికి 1868లో ఫార్మసీ చట్టం వచ్చింది. విషం అమ్మేవాడు సీసా మీద మూడు విషయాలు రాసి తీరాలంది: అందులో ఉన్నది ఏమిటి, అది విషం అన్న మాట, అమ్మినవాడి పేరూ అడ్రసూ. మా అమ్మాయి సీసా మీద ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఈ చట్టాలన్నీ కొనేవాడి కోసం. చేతులతో పనిచేసేవాడి సంగతి ఎవరు పట్టించుకున్నారు?

పట్టించుకున్న డాక్టర్ ఒకాయన ఉన్నాడు. ఇటలీలో బెర్నార్డినో రామాజ్జిని. 1700లో పనివాళ్ళ జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగి దగ్గరికి వెళ్తే అడగాల్సిన ప్రశ్నల్లో ఇంకోటి కలపాలన్నాడు: "నువ్వు ఏం పని చేస్తావు?" గల్ఫ్‌లో మనం క్లినిక్‌కి వెళ్తే ఈ ప్రశ్న ఎంతమంది అడుగుతారు చెప్పండి. జ్వరమా, దగ్గా, పనడాల్ రాశాం, పో. రామాజ్జిని కుండలు చేసేవాళ్ళ గురించి రాశాడు, మెరుపు పూతలో సీసం వాళ్ళని ఎలా తినేస్తుందో. బొమ్మలు వేసే చిత్రకారుల గురించీ రాశాడు. ఎర్ర సీసం, తెల్ల సీసం, ఇంగిలీకం, ఇవన్నీ రంగులే కదా. చేత్తో నూరతారు, ముక్కుతో పీలుస్తారు, కుంచె నోట్లో పెట్టుకుని కొస తీస్తారు.

ఆ పుస్తకం వచ్చాక నూటయాభై ఏళ్ళు దాటినా పరిస్థితి మారలేదు. లండన్‌లో మటిల్డా షూరర్ అనే అమ్మాయి ఉండేది. వయసు 19. కాగితం, గుడ్డ పూలు చేసే వర్క్‌షాపులో పని. ఆకులకి నిగనిగలాడే పచ్చ పొడి అద్దడం ఆమె పని. ఆ పచ్చ రంగు ఆర్సెనిక్, రాగి కలిపి చేసింది. 1861 నవంబర్‌లో ఆమె చనిపోయింది. చనిపోయే ముందు ఏం చూసినా పచ్చగా కనపడుతోందని చెప్పిందట, కంటి తెల్లగుడ్డు పచ్చబడిందట. ఆ తర్వాత హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆడవాళ్ళు తలలో పెట్టుకునే ఒక పచ్చ పూలదండలో 20 మందిని చంపగల ఆర్సెనిక్ ఉందని లెక్కగట్టి పేపర్లో రాశాడు. అప్పుడు కొనే ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. రోజూ అద్దే అమ్మాయి చస్తే వార్త చిన్నది, దండ పెట్టుకునే దొరసానికి ప్రమాదం అంటే వార్త పెద్దది. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ లేదు. మీకూ ఉండదు.

ఇక పుర్రె, ఎముకల గుర్తు. పంతొమ్మిదో శతాబ్దంలోనే సీసాల మీదికి ఎక్కింది. చీకట్లో చెయ్యి తగిలితే తెలియాలని విషం సీసాల గాజు మీద గరుకు గీతలు పోసేవాళ్ళు, నీలం రంగు గాజు వాడేవాళ్ళు. నాకు బాగా నచ్చిన ఐడియా అది. లేబుల్ ఊడిపోయినా సీసాయే చెబుతుంది. పుర్రె గుర్తుకి మాత్రం ఒక తిప్పలు వచ్చింది. అమెరికాలో పిల్లలకి పుర్రె అంటే సముద్రపు దొంగలు, కథలు, ఆట. భయపడడం మాని దగ్గరికి వెళ్ళేవాళ్ళు. 1971లో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి వాళ్ళు దాని బదులు నాలుక బయటపెట్టి మొహం వికారంగా పెట్టిన పచ్చ బొమ్మ తయారుచేశారు. దాని పేరు మిస్టర్ యక్. మన భాషలో "ఛీ గారు" అనుకోండి.

బొమ్మ అందరికీ ఒకేలా అర్థం కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మన దగ్గర బ్రాడ్‌ఫర్డ్ లాంటిది జరగలేదా అంటే, సరిగ్గా వందేళ్ళకి జరిగింది. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వంద మందికి పైగా చనిపోయారు. పదేళ్ళ తర్వాత 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని రూల్స్ వచ్చాయి. పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళందరికీ ఆ గుర్తు తెలుసు. డబ్బా మీద మూలకి తిప్పిన చతురస్రం, కింద సగం రంగు. ఎరుపైతే అతి విషం, పైన పుర్రె కూడా ఉంటుంది. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మా నాన్న ఆకుపచ్చ డబ్బా చూసి "ఇది మంచి మందురా, ఏం కాదు" అనేవాడు. ఆకుపచ్చ అంటే విషం కాదని కాదు, మిగతావాటికన్నా తక్కువ విషం అని. ట్రాఫిక్ లైటు చూసిన కంటికి పచ్చ అంటే "పో" అనే కనిపిస్తుంది. ఆ రంగు ఎంచుకున్నవాళ్ళు ఒక్క రైతునైనా అడిగారో లేదో.

ఇప్పుడు క్రాఫ్ట్ సామాను దగ్గరికి వద్దాం.

అమెరికాలో ఇంట్లో వాడే ప్రమాదకర వస్తువుల మీద హెచ్చరిక ఉండాలని 1960లోనే చట్టం చేశారు. కానీ ఆచరణలో అది పట్టుకున్నది వెంటనే హాని చేసేవాటిని. తాగితే చస్తారు, తగిలితే కాలుతుంది, ఇలాంటివి. పదేళ్ళు కుంచె పడితే ఒంట్లో చేరే సీసం, కాడ్మియం, థిన్నర్ వాసనల సంగతి డబ్బా మీదకి సరిగ్గా రాలేదు. ఆర్ట్ టీచర్లు, చిత్రకారులు, కుండలు చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి గొడవ చేస్తే, 1988 నవంబర్ 18న ప్రమాదకర చిత్రకళా సామగ్రి లేబుల్ చట్టం మీద సంతకం పడింది. రెండేళ్ళకి, 1990లో, అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం ప్రతి రంగు, జిగురు, బంకమట్టి ఫార్ములానీ విషశాస్త్ర నిపుణుడు చూడాలి. చాలాకాలం వాడితే వచ్చే హాని ఉంటే డబ్బా మీద రాయాలి. అలాంటివి ఆరో తరగతి లోపు పిల్లల కోసం స్కూళ్ళు కొనకూడదు.

ఈ చట్టం ముక్క ఒకటి ఇప్పుడు మస్కట్‌లో మీ చేతికే దొరుకుతుంది. రూవీలో స్టేషనరీ కొట్టుకి వెళ్ళి పెయింట్ ట్యూబుల వెనక చిన్న అక్షరాలు చూడండి. చాలావాటి మీద "ఏఎస్‌టీఎం డి-4236కి అనుగుణం" అని ఇంగ్లీషులో ఉంటుంది. నేను మొన్న వెళ్ళి చూశా. కొట్టతను మలయాళీ, "సేఫ్ అని దాని అర్థం చేట్టా" అన్నాడు పాపం. కాదు. ఆ మాటకి అర్థం: నిపుణుడు ఈ సరుకు చూశాడు, హెచ్చరిక రాయాల్సి ఉంటే రాశాం, అని. అంతే. విషం ఉన్న ట్యూబు మీదా ఆ లైన్ ఉండొచ్చు, పక్కనే హెచ్చరికా ఉండాలి. విషం లేదు అని చెప్పేది వేరే ముద్ర, గుండ్రంలో "ఏపీ" అని ఉంటుంది. (మన రాష్ట్రం కాదు, "అప్రూవ్డ్ ప్రోడక్ట్".) "సీఎల్" ముద్ర ఉంటే జాగ్రత్తలు రాసి ఉన్నాయి, చదువు అని. సైట్‌లో "ఇన్‌స్పెక్షన్ అయింది" అన్న స్టిక్కరుకీ "పాస్ అయింది" అన్న స్టిక్కరుకీ తేడా తెలిసిన మనకి ఇది కొత్త కాదు. చూశారు అంటే బాగుందని కాదు.

ఇక ఎపిసోడ్‌లో చెప్పని ముక్క.

యూరప్‌లో 1967 నుంచే రసాయనాల డబ్బాలకి ఒక పద్ధతి ఉండేది. నారింజ రంగు చతురస్రం, అందులో నల్ల బొమ్మ. మంట, పుర్రె, చెయ్యి కాలడం, ఇవి తెలిసిపోతాయి. ఇంకోటి ఉండేది, పెద్ద ఎక్స్ గుర్తు, ఇంటూ మార్క్ లాగా. ఒంటికి హాని చేసేదానికీ, చర్మం మండించేదానికీ అదే ఎక్స్. కింద రాసిన అక్షరాలే తేడా. మనం గల్ఫ్‌కి వచ్చిన కొత్తల్లో ఇక్కడి స్టోర్లలో డ్రమ్ముల మీద ఉన్నవి ఎక్కువగా ఈ నారింజ బొమ్మలే.

2011. సొహార్ వైపు ఒక సైట్. నేను కొత్తగా ఫోర్‌మన్ అయ్యా. టచప్ చేసే పెయింటర్‌కి కొంచెం థిన్నర్ కావాలి. డ్రమ్ము స్టోర్‌లో, పని మూడో ఫ్లోర్‌లో. నేనే వెళ్ళి, ఖాళీ నీళ్ళ బాటిల్‌లో అర లీటర్ పట్టి తెచ్చి ఇచ్చా. సగం వాడి మిగతాది కిటికీ గట్టు మీద పెట్టారు. జూన్ నెల. జగిత్యాల కుర్రాడు ఒకడు, హెల్పరు, ఇరవై రెండేళ్ళు, స్లాబు మీంచి దిగి వచ్చి ఆ బాటిల్ ఎత్తి ఒక్క గుక్క తాగేశాడు. మిగతాది ఊసేసి దగ్గుతున్నాడు.

మేమేం చేశామో చెప్తా. ఉప్పునీళ్ళు తాగించి కక్కించాం. గొంతులో వేలు పెట్టింది నేనే. మా ఊళ్ళో పురుగుమందు తాగినవాళ్ళకి అదే చేసేవాళ్ళు, అది చూసి పెరిగా. రెండు మూడుసార్లు వాంతి అయింది, హమ్మయ్య అనుకున్నాం. సాయంత్రానికి ఊపిరి ఆడక రొప్పడం మొదలెట్టాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ఏం తాగాడు. రెండోది, వాంతి చేయించారా. అవునన్నా. ఆయన ఏమీ అనలేదు. డబ్బా మీద ఏం రాసుందో చూసి రమ్మన్నాడు.

రాత్రి స్టోర్ తాళం తీయించి టార్చ్ వేసి చూశా. నారింజ చతురస్రం, పెద్ద ఎక్స్. దాని కింద ఇంగ్లీషులో రెండు లైన్లు. హానికరం, మింగితే ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. మింగితే వాంతి చేయించకండి. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. ఆ డ్రమ్ము ముందు నుంచి రోజుకి పదిసార్లు నడిచేవాణ్ణి. సైట్‌లో ఎక్స్ అంటే మనకి రిజెక్ట్. ఎక్స్ కొట్టిన పైపు, ఎక్స్ కొట్టిన బ్లాకు. డ్రమ్ము మీద ఎక్స్‌ని కూడా ఏదో ఎక్స్‌పోర్ట్ మార్క్ అనుకుని వదిలేశా.

థిన్నర్ లాంటివి కడుపులో చేసే హాని కన్నా ఊపిరితిత్తుల్లోకి జారితే చేసేది ఎక్కువ. మింగేటప్పుడు కొంచెం జారుతుంది, కక్కించినప్పుడు ఇంకాస్త జారుతుంది. అతను తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. కంపెనీ యాక్సిడెంట్ రిపోర్ట్ రాయమంది నన్నే. "గుర్తు తెలియని వ్యక్తి థిన్నర్‌ను నీళ్ళ బాటిల్‌లో పోసి వదిలేశాడు" అని రాశా. ఫైల్ క్లోజ్ అయింది. బ్రాడ్‌ఫర్డ్ కథ చదువుతున్నప్పుడు పీపా దగ్గరికి వచ్చి రెండు రోజులు ముందుకి చదవలేకపోయా.

అతను ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. బతుకమ్మకీ, ఉగాదికీ "బాగున్నావా అన్నా" అని మెసేజ్ పెడతాడు. ఆ బాటిల్ నింపింది ఎవరో అతనికి తెలుసో లేదో నేను ఎప్పుడూ అడగలేదు. ఈ పేజీ చదువుతాడు, ప్రతి ఎపిసోడ్ వింటాడు. తమ్ముడూ, అది నేనే.

సరే. ఆ ఎక్స్ గుర్తు ఇప్పుడు లేదు. ఎందుకు పోయిందో చెప్తా.

ఒక్కో దేశానికి ఒక్కో గుర్తు ఉంటే ఓడ దిగిన డ్రమ్ము ఏ భాష మాట్లాడాలి? దీనికి తోడు 1984 డిసెంబర్‌లో భోపాల్. రాత్రి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన జనాన్ని చూసి, వాళ్ళు పీల్చింది ఏ వాయువో, దానికి ఏ వైద్యం చేయాలో డాక్టర్లకి తెలీదు. తర్వాత 1987లో మన ఫ్యాక్టరీల చట్టం మార్చి, ప్రమాదకర పదార్థాల వివరాలు కార్మికులకీ చుట్టుపక్కల జనానికీ చెప్పాలని పెట్టారు. 1990లో అంతర్జాతీయ కార్మిక సంస్థ రసాయనాల మీద 170వ ఒడంబడిక చేసింది. 1992లో రియోలో జరిగిన ధరిత్రీ సదస్సు, ప్రపంచమంతటికీ ఒకే లేబుల్ పద్ధతి తయారు చేయమంది. పదేళ్ళు కూచుని తయారుచేశారు. 2003లో ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. పొట్టిగా జీహెచ్‌ఎస్ అంటారు. ఇప్పుడు మన సైట్‌లో చూసే ఎర్ర అంచు డైమండ్లు అవే. మొత్తం తొమ్మిది.

తొమ్మిదీ ఇక్కడ అప్పజెప్పను, ప్రతి సేఫ్టీ ఇండక్షన్‌లోనూ చూపిస్తారు. ఎక్స్ పోయి దాని పని రెండు బొమ్మలకి పంచారు. ఒకటి ఆశ్చర్యార్థకం: చర్మం మండుతుంది, ఎలర్జీ వస్తుంది, లాంటివి. రెండోది మనిషి ఛాతీ, దాని మీద నక్షత్రంలా పగిలినట్టుండే బొమ్మ. మన కుర్రాళ్ళు దాన్ని "హార్ట్ ప్రాబ్లం గుర్తు" అంటారు, ఒకడు "సూపర్‌మాన్" అన్నాడు. అది ఒంట్లో లోపల చేసే హాని గుర్తు. క్యాన్సర్, పుట్టబోయే బిడ్డకి హాని, అవయవాలు దెబ్బతినడం, ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం పోవడం, అన్నీ దాని కిందే. థిన్నర్ డ్రమ్ము మీద ఇప్పుడు మంటతో పాటు ఈ ఛాతీ బొమ్మ ఉంటుంది. 2011లో ఉండి ఉంటే నేను ఆగేవాణ్ణా? తెలీదు. కనీసం ఎక్స్‌పోర్ట్ మార్క్ అనుకునేవాణ్ణి కాదు.

ఒమన్‌లో రసాయనాల నిర్వహణ, వాడకం మీద చట్టం 1995 నాటిది, సుల్తాన్ శాసనం 46/95. సైట్లకి సంబంధించి 2008లో 286/2008 నంబరుతో వృత్తి భద్రత, ఆరోగ్య నిబంధనలు వచ్చాయి. 2023 దాకా అమల్లో ఉన్న 2003 నాటి కార్మిక చట్టంలోనే ఒక మాట ఉండేది: పనివాణ్ణి పనిలో పెట్టే ముందే ఆ పనిలో ఉన్న ప్రమాదం ఏమిటో, కాపాడుకునే దారి ఏమిటో యజమాని చెప్పాలి. డ్రమ్ము మీద ఏముందో మీ భాషలో చెప్పమని అడగండి, సూపర్‌వైజర్‌ని బతిమాలుకోవాల్సిన పని లేదు. నేను సూపర్‌వైజర్‌నే, నన్నూ అడగండి.

పెద్ద డ్రమ్ముల సంగతి ఇలా చట్టాల కిందికి వచ్చింది. కానీ లేబుల్ డ్రమ్ముకి అంటుకుని ఉంటుంది, సరుకుకి కాదు. సరుకు చిన్న సీసాలోకి మారినప్పుడల్లా 1858కి వెళ్ళిపోతున్నాం. మత్రా సూక్‌లో పొట్లాల్లో అమ్మే సుర్మా ఉంది కదా, కంటికి పెట్టేది. ఒమన్‌లో దొరికే సుర్మాలని సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించి 1998లో వ్యాసం వేశారు. కొన్నిట్లో ముఖ్యమైన సరుకు గలీనా, అంటే సీసపు ఖనిజం. ఊళ్ళో పిల్లలకి పెట్టమని పంపేవాళ్ళు ఉంటే ఆలోచించుకోండి.

మన దగ్గర దీనికి ఎదురు కథ కూడా ఒకటి ఉంది, మా అత్తగారి ఊరికి దగ్గర్లోనే. ఏటికొప్పాక లక్క బొమ్మలు. వరాహ నది ఒడ్డున, అంకుడు కర్రతో చేస్తారు. అక్కడికి కూడా ఒకప్పుడు బజారు రసాయన రంగులు వచ్చేశాయి. చవక, తొందరగా అవుతుంది. బొమ్మ అంటే పసిపిల్ల నోట్లోకి పోయేదే కదా. సి.వి. రాజు గారు చెట్ల నుంచి, గింజల నుంచి, పసుపు నుంచి తీసే పాత రంగుల్ని వెతికి మళ్ళీ పనివాళ్ళకి నేర్పారు. 2017లో ఆ బొమ్మలకి జీఐ గుర్తింపు, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చాయి. ఆ 2017లోనే, నవంబర్ నుంచి, మన దేశంలో ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూల్ అమలైంది. రంగులో ఏం కలిపారో తెలిసిన పనివాడు ఒక్కడు ఉంటే లేబుల్ రాయడం తేలిక. మా అమ్మాయి సీసా దగ్గర వచ్చిన చిక్కు అదే, కలిపినవాడెవడో తెలీదు.

సైట్ డబ్బాల లేబుల్ ఫోటోలు తీసి పంపా. రెసిన్ మీద ఆశ్చర్యార్థకం, చచ్చిన చేప బొమ్మ. హార్డ్‌నర్ మీద చెయ్యి కాలడం. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే జన్మంతా వదలదు, తర్వాత చుక్క తగిలినా దద్దుర్లే, ఆ పని మానుకోవాల్సిందే, మా క్యాంపులో అలా ట్రేడ్ మారినవాళ్ళు ఇద్దరున్నారు అని చెప్పా. గంట తర్వాత రిప్లై వచ్చింది. అమ్మినవాళ్ళకి మెసేజ్ పెట్టిందట, ఇందులో ఏముంది అని. "నాన్ టాక్సిక్ డియర్" అని జవాబు, పక్కన గుండె బొమ్మ. కంపెనీ పేరు అడిగితే బ్లాక్ చేశారట.

నైట్రైల్ గ్లౌజుల డబ్బా కొనిపించా. పని మంచం మీంచి వెనక వరండాలోకి మారింది. వేరేచోట పేరు, అడ్రసు, డైమండ్లు ఉన్న కిట్ ఆర్డర్ పెట్టింది. ధర రెట్టింపు, ఆ తేడా నేను పంపా. పాత సీసాలు ఏం చేయాలో తేలక అటక ఎక్కించారు. ఎవరైనా దించుతారేమోనని భయమేసి, దాని మీద ఏదైనా రాయమన్నా.

"ఏం రాయను నాన్నా? ఏ బొమ్మ వెయ్యను?" అని అడిగింది మార్కర్ పట్టుకుని.

లోపల ఏముందో తెలీకుండా ఏ బొమ్మ వెయ్యమంటాను. "ఇది నీళ్ళు కాదు, తాగొద్దు, ముట్టుకోవద్దు అని తెలుగులో పెద్దగా రాయి. కింద నీ పేరు, ఫోన్ నంబరు రాయి" అన్నా. రాసి ఫోటో పంపింది.